ఆ ఇల్లు ఎక్కడుందండీ?

పోయిన నెల నాకొక ఉత్తరం వచ్చింది. ఈ రోజుల్లో ఉత్తరం రావడమే ఒక వింత. ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పడేసే కాలంలో, ఎవరో ఒకావిడ పనిగట్టుకుని ఇన్‌లాండ్ కవరు కొని, గుండ్రటి అక్షరాలతో అంచుల దాకా నింపి పంపింది. "మీ నవలలో మండువా ఇంటి గురించి చదువుతుంటే మా అమ్మమ్మగారిల్లు గుర్తుకొచ్చి కళ్ళనీళ్ళు ఆగలేదు. వచ్చే సెలవులకి పిల్లల్ని తీసుకుని గోదావరి వైపు వస్తున్నాం. ఆ ఇల్లు ఎక్కడుందండీ? అడ్రసు రాస్తే బయటినుంచయినా ఒక్కసారి చూసి వెడతాం" అని.

ఆ ఉత్తరం మూడు వారాలు నా బల్లమీదే పడి వుంది. జవాబు రాయలేదు. ఏమని రాయను? ఆ ఇల్లు లేదు. పదకొండేళ్ళ క్రితం పడగొట్టేశారు.

"పడగొట్టేశారు" అని ఎంత సులువుగా రాసేశానో చూడండి! ఎవరో పరాయివాళ్ళు వచ్చి కూల్చేసి పోయినట్టు. నలుగురం సంతకాలు పెట్టాం. ఇద్దరన్నయ్యలు, నేను, మా మేనత్త. మూడో సంతకం నాది. పెన్ను సరిగ్గా రాయకపోతే విదిలించి మరీ పెట్టాను. ఆ తరవాత రెండేళ్ళకి ఆ నవల రాశాను. అందులో ఇల్లు నిక్షేపంలా నిలబడి వుంది. మండువాలో వాన పడుతూ వుంటుంది, చూరు కింద ఇత్తడి గంగాళం పెట్టి వుంటుంది, కథానాయిక స్తంభానికి ఆనుకుని వాన చూస్తూ వుంటుంది. చదివినవాళ్ళంతా ఆ ఇంటినే మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకోళ్ళన్నీ మొహమాటం లేకుండా పుచ్చుకున్నాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తుకొస్తోందంటే, ఆ ఉత్తరం రావడానికి కొద్ది నెలల ముందే బొంబాయి వెళ్ళాను. మా ఆడపడుచు దాదర్‌లో వుంటుంది. (1995లో పేరు ముంబాయి అని మార్చారు, నిజమే. కానీ మా ఇంట్లో ఇప్పటికీ "బొంబాయి ఆడపడుచే".) వాళ్ళుండే బిల్డింగు పాతది. మూడంతస్తులు, లిఫ్టు లేదు, మెట్లు మాత్రం పెళ్ళి ఊరేగింపు ఎక్కేంత వెడల్పు. నేను వెళ్ళిన రోజునే ఆ బిల్డింగు వాళ్ళ మీటింగు. పడగొట్టి పెద్ద టవరు కట్టించుకుందామా, వద్దా అని. మా ఆడపడుచు తిరిగొచ్చి సోఫాలో కూలబడి, "వదినా, నాకు మోకాళ్ళు నొప్పి, లిఫ్టు కావాలి. ఈ బిల్డింగూ కావాలి. రెండూ కావాలంటే నవ్వుతున్నారు అందరూ" అంది.

ఆ రాత్రి నిద్రపట్టక వాళ్ళ బీరువాలో పుస్తకాలు తిరగేస్తుంటే పెద్ద బొమ్మల పుస్తకమొకటి దొరికింది. శారదా ద్వివేది, రాహుల్ మెహ్రోత్రా కలిసి రాసిన 'బాంబే: ది సిటీస్ వితిన్'. 1995లో వచ్చింది. ఆ పేరుకి మన మాటల్లో చెప్పాలంటే "బొంబాయి కడుపులో వున్న బొంబాయిలు" అనుకోవచ్చు. పాత ఫోటోలు, పటాలు చూద్దామని మొదలెట్టినదాన్ని, తెల్లవారుఝామున పాలబ్బాయి బెల్లు కొట్టేదాకా వదల్లేదు.

మెహ్రోత్రా ఇంజనీరింగు లెక్కలు తెలిసిన వాస్తుశిల్పి. శారదా ద్వివేది చరిత్రకారిణి. యూనివర్సిటీలో చరిత్ర పీఠమెక్కి పాఠాలు చెప్పిన ఆచార్యురాలు కాదావిడ. కాగితాల్లో వెతికి, మనుషుల్ని అడిగి, వీధులు తిరిగి, పుస్తకాలు రాసిన మనిషి. 1942లో పుట్టి, 2012 ఫిబ్రవరిలో పోయారు. మొదట ఆవిడ పేరు బయటికొచ్చింది సంస్థానాల రాజుల కథలతో. చార్లెస్ ఆలెన్‌తో కలిసి 1984లో 'లైవ్స్ ఆఫ్ ది ఇండియన్ ప్రిన్సెస్' రాశారు. రాజుల దగ్గర్నుంచి వీధుల్లోకి రావడం మామూలుగా జరిగే పని కాదు. రాజుల ఫోటోలు, నగలు, ఏనుగులు అయితే కొనేవాళ్ళు కొల్లలు. అలాంటిది ఆవిడ తరవాత మెహ్రోత్రాతో కలిసి వాల్కేశ్వర్‌లోని బాణగంగ కోనేరు గురించి ఒక పుస్తకం, ఫోర్టు ప్రాంతంలో నడుస్తూ చదువుకోడానికి 1999లో 'ఫోర్ట్ వాక్స్' అని ఒక పుస్తకం, 2008లో 'బాంబే డెకో' అని ఇంకో పుస్తకం రాశారు. మధ్యలో శాలినీదేవి హోల్కర్‌తో కలిసి మన ఆడవాళ్ళ పాతకాలపు సౌందర్య పోషణ, ఆరోగ్యపుటలవాట్ల మీద 'ఆల్మండ్ ఐస్, లోటస్ ఫీట్' అనే పుస్తకం కూడా. ఇది తెలిశాక నాకు ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది. మేడలు కూలితే కనీసం చప్పుడు వినబడుతుంది. నలుగు పెట్టడం ఆగిపోతే ఎవరికి వినబడుతుంది?

మర్నాడు మా ఆడపడుచూ నేనూ ఫోర్టు వైపు బయల్దేరాం. బొంబాయి వెళ్ళి వీటీ స్టేషను చూడనివాళ్ళుండరు. నేనూ ఎన్నిసార్లో దిగాను. దిగిన ప్రతిసారీ సామాన్లు లెక్కపెట్టుకున్నానే గాని తలెత్తి చూడలేదు. స్టీవెన్స్ అనే ఆయన గీసిన ఆ స్టేషను కట్టడం 1878లో మొదలెట్టి పదేళ్ళు పట్టింది. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపద అంది. అక్కణ్ణించి దాదాభాయ్ నౌరోజీ రోడ్డు, ఆపైన యూనివర్సిటీ, రాజాబాయి గడియార స్తంభం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ స్తంభానికి డబ్బిచ్చినాయన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. పత్తి వ్యాపారి. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతుంటే ఇంగ్లండు మిల్లులకి మన పత్తే గతి అయి, 1860ల మొదట్లో బొంబాయిలో డబ్బు వరదలా పారింది. ఆయన తల్లి పేరు రాజాబాయి. 1878లో పూర్తయిన ఆ స్తంభానికి ఆవిడ పేరే పెట్టించాడు. కొడుకు తల్లి పేరు మీద ఆకాశమంత కట్టడం నిలబెట్టాడంటే ఏ ఆడదానికయినా గుండె చల్లబడుతుంది. అబద్ధమెందుకు, నాకూ కాస్త అసూయ వేసింది.

అయితే ఆ స్తంభం, ఆ యూనివర్సిటీ, ఆ హైకోర్టు, ఇంత అందమైన ఆ వరసంతా అక్కడికెలా వచ్చింది? అంతకుముందు ఫోర్టు చుట్టూ నిజంగానే కోటగోడ వుండేది. గవర్నరు బార్టిల్ ఫ్రేర్ హయాంలో, 1860లలో, ఆ గోడలు పడగొట్టించారు. ఖాళీ అయిన చోట ఈ మేడలు లేచాయి. అంటే మనం ఇవాళ "అయ్యో, ముట్టుకోకండి" అని కాపాడుకుంటున్నవన్నీ ఒకప్పటి కూల్చివేతలోంచి పుట్టినవే! ఆ రోజున ఎవరయినా శారదా ద్వివేదిలాంటావిడ అడ్డం పడి, "కోటగోడలు చరిత్ర, ఉంచండి" అని గెలిచి వుంటే రాజాబాయి స్తంభం వుండేది కాదేమో.

ఇది తట్టేసరికి నాకు మతిపోయింది. మరి పాతదాన్ని ఉంచమనడానికి ధర్మమేమిటి? ఎక్కడ గీత గియ్యాలి? తాతగారి ఇల్లు చరిత్ర, ముత్తాతగారి గుడిసె చరిత్ర కాదా?

మా ఆడపడుచు వేరుశనక్కాయలు వలుచుకుంటూ, "వదినా, నువ్వు నవలలు రాయడం మానేసి లాయరువి కావలసింది" అంది.

ఆవిడన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. 1995లో బొంబాయికి పేరు మారడం, ఆ పుస్తకం రావడం ఒకెత్తయితే, ఆ ఏడాదే ఇంకో సంగతి కూడా జరిగింది. ఊళ్ళోని పాత కట్టడాలకి ఒక చట్టబద్ధమైన జాబితా వచ్చింది. అంతకుముందు మనకున్న పెద్ద చట్టం 1958 నాటిది. అది నూరేళ్ళు నిండిన కోటలకీ, గుళ్ళకీ, గోరీలకీ సంబంధించింది. మనుషులు కాపరముంటున్న ఇళ్ళు, బేరాలు సాగుతున్న బజార్లు, నీళ్ళు తోడుకుంటున్న కోనేళ్ళు అందులోకి రావు. బొంబాయి కొత్త నిబంధనలు ఆరువందలకు పైగా కట్టడాలకి గ్రేడులిచ్చాయి. ఒకటో గ్రేడు అయితే ముట్టుకోవడమే కష్టం. రెండు, మూడు అయితే ఏం మార్చుకోవాలన్నా అప్పట్లో ఒక కమిటీ చూడాల్సి వుండేది. ఆ హెరిటేజ్ కమిటీలో శారదా ద్వివేది కూర్చున్నారు. కమిటీ అన్నది సలహా ఇచ్చేదే. చివరి మాట మునిసిపల్ కమిషనరుది.

ఊహించుకోండి. ఒక బల్ల. దానికి ఒక పక్క పాత ఫోటోలు, పటాలు చేతపట్టుకున్న చరిత్రకారిణి. రెండో పక్క, "అమ్మా, నా ఇల్లు, నా డబ్బు, నా తద్దినం. పైన రెండంతస్తులు వేసుకుంటే నా ఇద్దరు కొడుకులూ బతుకుతారు" అనే యజమాని. ఆవిడ ఏమనాలి? "మీ ఇల్లు మీదొక్కరిదే కాదు" అని ఎవరయినా నాతో అంటే, మా నాన్నమ్మ భాషలో జవాబు చెప్పి వుందును.

ఆ ఇబ్బంది తెలిసే ఒక ఉపాయం పెట్టారు. పాత ఇంటి మీద కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కుని యజమాని బొంబాయి శివార్లలో కట్టుకునేవాళ్ళకి అమ్ముకోవచ్చు. ఇది బాగుందనిపించింది నాకు. అందరి కంటికీ అందంగా వుండాలని ఒకడి చేతులు కట్టేసినప్పుడు, ఆ అందానికి వెల అందరూ కాస్త కాస్త ఇవ్వాలిగా. మెచ్చుకోలు ఒకళ్ళది, మరమ్మతు ఇంకొకళ్ళది అయితే ఎన్నాళ్ళు నిలబడుతుంది?

మరమ్మతంటే గుర్తుకొచ్చింది. బొంబాయిలో పాత ఇళ్ళు కూలిపోవడానికి సగం కారణం వానలయితే సగం కారణం అద్దెలు. 1947 చట్టం అద్దెల్ని 1940 సెప్టెంబరు నాటి లెక్క దగ్గర కట్టిపడేసింది. యుద్ధకాలంలో అద్దెకున్నవాళ్ళు వీధిన పడకూడదని మంచి ఉద్దేశంతోనే చేశారు. కానీ దశాబ్దాలు గడిచినా అద్దె కదలకపోతే యజమాని పెంకు మారుస్తాడా, గోడకి సున్నం వేయిస్తాడా? ఇళ్ళు వరసగా కూలుతుంటే 1969లో సర్కారువారే మరమ్మతుల బోర్డు పెట్టాల్సొచ్చింది. ఫోర్టులో వాట్సన్స్ హోటలని ఒకటుంది. 1860లలో ఇంగ్లండు నుంచి ఇనప చట్రం తెప్పించి బిగించిన మేడ. మన దేశంలో మొట్టమొదటిసారి సినిమా బొమ్మ కదిలింది అక్కడే, 1896 జులై 7న. ఇవాళ మనం పొద్దస్తమానం సినిమా సినిమా అంటామే, దాని పుట్టిల్లు. అలాంటి మేడలో 2005లో ముందుభాగం బాల్కనీలు కొంత విరిగిపడ్డాయి. చరిత్ర వుంది, జాబితాలో పేరు వుంది, అప్పటికి లోపల అద్దెకున్నవాళ్ళూ వుండేవారు. నా సొమ్మనుకుని తట్టెడు సున్నం వేసినవాళ్ళు లేరు.

సాయంత్రం మెరైన్ డ్రైవు మీద కూర్చున్నాం. సముద్రం వైపు కాకుండా ఈసారి ఇళ్ళ వైపు తిరిగి కూర్చున్నాం. గుండ్రటి మూలలు, ఓడ డెక్కులాంటి బాల్కనీలు. 'బాంబే డెకో' పుస్తకమంతా వీటి గురించే. ఇవి 1930లలోనూ ఆ తరవాతా లేచిన మధ్యతరగతి, పైతరగతి కుటుంబాల ఫ్లాట్లు. రాజులు లేరు, దొరలు లేరు. సొంత స్నానాలగది, గాలి, వెలుతురు కావాలనుకున్న సంసారులు. ఆ పుస్తకం వచ్చిన పదేళ్ళకి, 2018లో, ఓవల్ మైదానానికి ఒక పక్కనున్న విక్టోరియా కాలపు మేడలతోపాటు రెండో పక్కనున్న ఈ ఫ్లాట్లనీ, మెరైన్ డ్రైవునీ కూడా యునెస్కో తన జాబితాలో చేర్చుకుంది. ఆవిడ చూడలేదు పాపం.

సొంత స్నానాలగది! అప్పుడు జ్ఞాపకం వచ్చింది మా మేనత్త.

మా అత్తయ్య ఇరవై రెండేళ్ళకే పసుపుకుంకాలు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. మేమంతా చదువులకీ, ఉద్యోగాలకీ, కాపరాలకీ తలోదిక్కూ పోతే ఆ ఇల్లు ఆవిడ మీద పడింది. ఏడాదికోసారి పెంకులు సర్దించడం, కోతులు పీకేస్తే మళ్ళీ సర్దించడం, దూలాలకి చెదలు పట్టకుండా చూసుకోవడం. పెరటి చివర దొడ్డి. వానాకాలం రాత్రి లాంతరు, తరవాత టార్చిలైటు పట్టుకుని, తేళ్ళుంటాయేమోనని నేలకేసి చూసుకుంటూ వెళ్ళాలి. మేము సంక్రాంతికి నాలుగు రోజులు వెళ్ళి, "అబ్బ! ఈ ఇంట్లో వుంటే ఎంత హాయి" అని ఆవులించి, అరిసెలు మూటగట్టుకుని వచ్చేసేవాళ్ళం. అమ్ముదామన్న మాట వచ్చినప్పుడు అందరికంటే ముందు ఒప్పుకున్నది ఆవిడే. "గదిలోనే స్నానాలగది వుండే ఫ్లాటొకటి నాకివ్వండర్రా, చాలు" అంది. మొదటి సంతకం ఆవిడది.

నవల అచ్చయ్యాక పట్టుకెళ్ళి ఇచ్చాను. వారం రోజులు కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ చదివింది. మూసేసి, "బాగా రాశావే అమ్మాయీ. చదువుతుంటే వాన చినుకు మొహాన పడ్డట్టే వుంది. కానీ అందులో ఆ ఇంటిని ఎవరూ వూడ్చరేం?" అంది.

అప్పుడు నవ్వేసి వూరుకున్నాను. మెరైన్ డ్రైవు గట్టు మీద కూర్చుంటే నవ్వు రాలేదు.

అన్నట్టు, వూడ్చేవాళ్ళ మాటంటే బొంబాయిలో ఇంకో పేటుంది. కామాటిపురా. ఆ పేరు వినగానే మనలాంటివాళ్ళం గొంతు తగ్గిస్తాం, పిల్లలు వినకుండా మాట మారుస్తాం. కానీ ఆ పేరు మన పేరు! కామాటి అంటే కూలిపని చేసేవాడనేగా. 18వ శతాబ్దం చివరినుంచీ నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల్లోంచి బొంబాయికి కట్టడం పనులకి వెళ్ళిన మనవాళ్ళు కాపరమున్న పేట అది. తట్టలు మోసి, రాళ్ళు ఎత్తి ఆ నగరాన్ని కట్టినవాళ్ళలో వాళ్ళున్నారు. వాళ్ళలోంచి కాంట్రాక్టర్లయినవాళ్ళు కొందరు 1873లో జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలబడ్డారు. తరవాత నేతపనివాళ్ళు, పద్మశాలీలు, బట్టల మిల్లులకి వెళ్ళారు. 1982లో మొదలైన మిల్లుల సమ్మెలో చెదిరిపోయిన కుటుంబాల్లో తెలుగు కుటుంబాలూ వున్నాయి. ఇంత చరిత్ర పోయి ఆ పేరుకి ఒక్క అర్థమే మిగిలింది.

రాజాబాయి పేరు గడియారం మీద నిలిచింది. తట్ట మోసిన కామాటి స్త్రీ పేరు ఎక్కడ నిలవాలి? కట్టడాన్ని కాపాడే చట్టం ఆమెకి ఏం చేస్తుంది? ఏమీ చెయ్యలేదు. అక్కడ పనికొచ్చేది శారదా ద్వివేది చేసిన రెండో పని. ఆవిడ పుస్తకం తెరిస్తే గోపురాలూ, గవర్నర్లూ మాత్రమే కాదు, చాళ్ళూ, మిల్లులూ, 1896 ప్లేగు తరవాత ఇరుకు సందుల్ని చదును చెయ్యడానికి పెట్టిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టూ, అది వేసిన దాదర్, మాతుంగా వీధులూ అన్నీ వున్నాయి. కమిటీలో కూర్చుని ఆవిడ ఎన్ని ఇళ్ళు నిలబెట్టగలిగారో, ఎన్నిటి విషయంలో ఓడిపోయారో నేను లెక్క కట్టలేను. ఇల్లు నిలిచినా పడినా, ఇక్కడొక ఇల్లుండేది, దీన్ని ఫలానావాళ్ళు కట్టారు, ఫలానావాళ్ళు కాపరమున్నారు అని చెప్పే కాగితం మాత్రం మిగిల్చారు. వినడానికి ఇది చిన్న పనిలా వుంటుంది. నేను అది కూడా చెయ్యలేదు.

చేశానని మీరనుకోవచ్చు, నవల రాసిందిగా అని. నవలలో నాకు కావలసినది పెట్టుకున్నాను. స్తంభాలు ఎనిమిదయితే పన్నెండు చేశాను. దొడ్డి తీసేశాను. అత్తయ్యని తీసేసి ఆ చోట కథానాయికని కూర్చోబెట్టాను. మేస్త్రీ ఎవరో, గచ్చులో గానుగ సున్నానికి ఏమేం కలిపారో ఏనాడయినా అడిగానా?

మళ్ళీ దాదర్ సంగతికి వస్తాను. 2012లో, ఆవిడ పోయిన కొద్ది నెలలకి, ఆ జాబితాలో మరికొన్ని వందల కట్టడాల్ని చేర్చాలని బొంబాయి మునిసిపాలిటీ ప్రతిపాదించింది. దాదర్ శివాజీ పార్కు చుట్టుపక్కల ఇళ్ళు కూడా అందులోకి వచ్చాయి. అక్కడి మధ్యతరగతివాళ్ళే "మాకీ గౌరవం వద్దు బాబోయ్" అని గోల పెట్టారు. ఇల్లు జాబితాలోకెక్కితే ఎవరు బాగుచేయిస్తారు, లిఫ్టెవరు పెట్టిస్తారు? వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మా ఆడపడుచు మోకాళ్ళు నాకు తెలుసు.

మన హైదరాబాదులో మాత్రం ఏమయింది? ఇక్కడా 1995లోనే ఇలాంటి నిబంధన వచ్చింది, కట్టడాలతోపాటు బండరాళ్ళని కూడా చేర్చి.  2015లో ఆ నిబంధన తీసేశారు. 2017లో వేరే చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్‌ని పడగొట్టి అసెంబ్లీ కడతామన్నప్పుడు హైకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. ఆ సెప్టెంబరులో కోర్టు కుదరదంది కాబట్టి అదింకా నిలబడి వుంది. నేను దాని పక్కనుంచి ఎన్నోసార్లు వెళ్ళాను. తీర్పు పేపర్లో చదివాకే ఆటో ఆపించి మొదటిసారి తేరిపార చూశాను. పోతుందంటే తప్ప చూడలేని కళ్ళు నావి.

అందరూ అన్ని పాత ఇళ్ళూ ఉంచాలని నేననను. అత్తయ్యని ఆ టార్చిలైటుతో ఇంకో పదకొండేళ్ళు తిప్పే హక్కు నాకు లేదు. నా నవల కోసమయినా లేదు, ఉత్తరం రాసినావిడ పిల్లల కోసమయినా లేదు. సంతకం పెట్టడం తప్పని ఇప్పటికీ అనుకోను. పెట్టే ముందు ఒక్కసారి వెళ్ళి, టేపు పట్టుకుని కొలుచుకుని, ఎవరినయినా పిలిచి ఫోటోలు తీయించి, అత్తయ్యని కూర్చోబెట్టి అడిగి రాసుకుని వుంటే ఎవరు కాదన్నారు? ఆ పని చెయ్యడానికి డబ్బక్కర్లేదు, చట్టమక్కర్లేదు. రెండు రోజులు చాలు. ఆ రెండు రోజులూ నాకు తీరలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకి పొద్దున బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

పోయిన ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. ఉత్తరం చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడేం రాస్తావే, బూడిద?" అంది. అంటూనే నా నోటుపుస్తకంలోకి తొంగిచూసి, "అదేమిటి, ముందర వసారా అని రాశావు? దాన్ని మేం పంచ అనేవాళ్ళం. వసారా పెరటివైపుది. అదీ తెలీకుండానే నవల రాశావా?" అంది.

కొట్టేసి రాశాను.

"స్తంభాల దగ్గర మొదలెట్టకు. నూతి దగ్గర మొదలెట్టు. నూతిగట్టు నుంచి వంటింటి గడపకి నలభై ఒక్క అడుగులు. మగవాళ్ళ అడుగులు కావు, బిందె చంకన పెట్టుకుని నడిచే అడుగులు. రోజుకి పద్దెనిమిది బిందెలు. పెళ్ళిళ్ళప్పుడు లెక్కలేదు. రాసుకున్నావా?"

రాసుకున్నాను. ఆ పూట నూతి దగ్గర్నుంచి వంటింటి దాకానే వచ్చాం. మధ్యలో ఆవిడకి నిద్రొచ్చింది.

రాత్రి ఇంటికొచ్చి ఆ ఉత్తరానికి జవాబు రాశాను. ఇల్లు లేదనీ, తీసేసినవాళ్ళలో నేనూ వున్నాననీ, స్తంభాలు పన్నెండు కాదు ఎనిమిదేననీ రాశాను. ఆ చోటనే ఇప్పుడు నాలుగంతస్తుల అపార్టుమెంటు వుందనీ, మూడో అంతస్తులో మా మేనత్త వుందనీ, పిల్లల్ని తీసుకుని వస్తే ఆవిడ సంతోషిస్తుందనీ, సాయంత్రం నాలుగు తరవాత రమ్మనీ, లిఫ్టు ఒక్కోసారి పనిచెయ్యదు కాబట్టి ముందుగా ఫోను చెయ్యమనీ రాసి, కింద నంబరు వేశాను.